మా సందులో శంఖద్వీపం

ఇది ఒక మహారాజ్యం కూలిపోయిన గాథ. ఇందులో సముద్రం ఉంది, ఓడదొంగలున్నారు, ముత్యాల సింహాసనం ఉంది. చివరికి ద్వీపమంతా పరాయివాళ్ల పిడికిళ్లలో మాయమైపోతుంది. ఇలా మొదలుపెడితే చదివేవాళ్లు నిటారుగా కూర్చుంటారని మొదలుపెట్టాను. ఇక వెనక్కి వాలవచ్చు. ఇది వరంగల్‌లో ధాన్యం బజారు వెనక సందులో మేం వేసిన వినాయక మండపం సంగతి.

శంఖద్వీపం ఒక వారపత్రిక సీరియల్‌లోది. ఎనభైల మొదట్లో మా సందులో దాన్ని చదవనివాడు లేడు. పత్రిక కొన్నవాడు మాత్రం మా అన్న ఒక్కడే. అన్న అంటే పెదనాన్న కొడుకు. ఆ దీవికి ఒక రాజు, ఒక రాకుమారి. వారం వారం ఓడదొంగలు దండెత్తుతారు, వారం వారం ఓడిపోతారు. ఇన్నిసార్లు ఓడినవాళ్లు వేరే పనేదైనా చూసుకోవచ్చు కదా అని నాకనిపించేది. ప్రజలకైతే ఒడ్డున నిలబడి హాహాకారాలు చేయడం తప్ప మరో వృత్తి లేదు. ఆ దీవిలో వరి పండదు, జొన్న పండదు. ముత్యాలు నానబెట్టుకుని తిన్నారేమో. ధాన్యం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడికి రాజ్యం అనగానే గోదాము ఎక్కడుందన్న ప్రశ్న రావాలి. రచయితకు రాలేదు. అన్నకూ రాలేదు.

అన్న బొమ్మలు బాగా వేసేవాడు. ఇది వెటకారం కాదు. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చేరాలని అతని ఆశ. తిండి దగ్గరా అదే మాట, నిద్రలోనూ అదే మాట. పెదనాన్నకేమో కొడుకును దుకాణంలో గద్దె మీద కూర్చోబెట్టాలని. రోజూ వాదులాడుకుని ఇద్దరూ అలిసిపోయాక, చవితి ముందు పెదనాన్న ఒక మాటన్నాడు.

"నువ్వేసే మండపం చూడనీకి పక్క సందోళ్లు నడిచొస్తె, పో హైదరాబాదుకు. రాకపోతె నిమజ్జనం తెల్లారి వచ్చి గద్దె మీద కూసో."

"మాట తప్పవు గద నాయినా?"

"నేను యాపారం చేస్తాన్న బిడ్డా, సీరియల్ రాస్తలేను."

అలా శంఖద్వీపం మా సందులో లేచింది. వడ్ల మీద కప్పే నీలం టార్పాలిన్ పరిస్తే సముద్రమైంది. వెదురుబద్దలకు గోనెపట్టా చుడితే ఓడ అయింది. దొంగలు కూడా గోనెసంచులే, లోపల గడ్డి, పైన మీసాలు. వాళ్ల పొట్టల మీద మా దుకాణం మార్కు మాత్రం ఎంత రంగు పూసినా పోలేదు. వెనక తెర మీద అన్న రాత్రీ పగలూ కూర్చుని కోట వేశాడు. నిజంగానే బాగుంది. ముత్యాల సింహాసనం మీద వినాయకుణ్ణి కూర్చోబెట్టారు.

"సామికి సముద్రమెందుకయ్యా, ఎట్లాగు నీళ్లల్లనే ఏస్తం గద," అన్నాడు పూజ చేయడానికి వచ్చిన అయ్యగారు. మండపంలో మొత్తం మీద వినబడిన తెలివైన మాట అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మిగిలింది తీరం. ఇసుక కావాలంటే వాగు దాకా పోవాలి, బండి మాట్లాడాలి. తవుడైతే గోదాములోనే ఉంది, రంగు కూడా ఇంచుమించు అదే. బస్తాలు విప్పి గుమ్మరించాం. ఆ తవుడులోనే వెదుళ్లు పాతి కోట తెర నిలబెట్టాం.

చవితి పొద్దున మొదట వచ్చింది తొర్రూరు నుంచి బజారుకు దిగిన ఒక పెద్దాయన. స్వామికి దండం పెట్టాడు. పెట్టిన చెయ్యి అటునుంచి అటే తీరంలోకి పోయింది. మా బజారులో మర్యాద అది. కుప్ప కనబడితే ఎవరైనా చెయ్యి పెట్టి పిడికెడు తీస్తారు, ఊది చూస్తారు, కొంచెం నోట్లో వేసుకుంటారు. అడగరు. చెయ్యి పెట్టకుండా పోతే సరుకును అవమానించినట్టు లెక్క.

"మంచిగ మెత్తగున్నది. ఏ మిల్లుది తమ్మీ?"

"అది తవుడు కాదు పెద్దయ్యా, సముద్రం ఒడ్డు," అన్నాడు అన్న.

"ఒడ్డయితె అయింది గని, ఏ మిల్లుది?"

ఆయన పోయి బజారులో చెప్పాడు. ఇక జనం! పక్క సందు నుంచి వచ్చారు, ఆ పక్క సందు నుంచి వచ్చారు, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైలు దిగినవాళ్లు సంచులతో సహా వచ్చారు. అన్న పట్టుచొక్కా వేసుకుని కర్రతో చూపిస్తూ మొదలుపెట్టాడు. "ఇగో, ఇది రాజుగారి కోట. అటు దిక్కు నుంచి ఓడదొంగలు వస్తాండ్రు..."

"వస్తె రానీ. దీంట్ల ఊక కలిసిందేమో జర చూడు," అన్నాడు ఒకాయన తన పక్కవాడితో.

మధ్యాహ్నానికి తీరం పలచబడింది. సాయంత్రానికి టార్పాలిన్ బయటపడింది, వెదుళ్లు వదులై రాజుగారి కోట వినాయకుడి వీపు మీద వాలింది. ఓడదొంగలు ఏళ్ల తరబడి ఫిరంగులు పేల్చి సాధించలేనిది, పండుగ పూట దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు సాధించారు. దొంగలు మీసాలతో సహా చూస్తూ నిలబడ్డారు. వాళ్లకు సిగ్గన్నది ముందే లేదు.

దీపాల వేళకు పెదనాన్న వచ్చాడు. అన్న ఎదురెళ్లాడు.

"వచ్చిండ్రా లేదా నాయినా? పక్క సందోళ్లే గాదు, తొర్రూరు నుంచి వచ్చిండ్రు."

"వచ్చిండ్రు. ఒక్కడన్న తలకాయ పైకెత్తి నీ బొమ్మ చూసిండా?"

అన్న కర్రతో మిగిలిన తవుడును ఒకచోటికి తోశాడు.

"ఒకాయన ఎత్తిండు పెదనాయినా," అన్నాను నేను. అన్న నా వైపు దేవుణ్ణి చూసినట్టు చూశాడు. "తవుడు ముక్కుల్లకు పోయి తుమ్మొచ్చింది."

పెదనాన్న నవ్వలేదు. వాలిన తెరను ఒక చేత్తో లేపి, ఆ కోటను చాలాసేపు చూశాడు. కిటికీలు చూశాడు, బురుజుల మీద కావలివాళ్లను చూశాడు. తర్వాత చేతులు దులుపుకున్నాడు.

"చూడనీకి రావాలన్న. వచ్చిండ్రు. ఏం చూడాల్నో నేను ఖరారు చెయ్యలే. తప్పు నాదే. పో, చదువుకో."

అన్న ఆయన కాళ్ల మీద పడ్డాడు. పెద్దమ్మ కొంగు కళ్లకద్దుకుంది. ఎవరో గంట కొట్టారు. అయ్యగారు కూడా ముక్కు చీదాడు.

ఆ కాలేజీలో ఆ ఏటి చేరికలు జూన్‌లోనే అయిపోయాయి.