బొట్టు పెట్టిన గ్రీకు పెద్దమనిషి

నిన్న పుస్తకానికి అట్ట వేస్తుంటే ఉడికించిన పిండి జిగురు వాసన వచ్చింది. చిన్నప్పుడు పొట్లాలు చుట్టిన నా ఈడు వాళ్లకు ఆ వాసన గుర్తుండే ఉంటుంది.

పంతొమ్మిది వందల యాభైల్లో సంగారెడ్డిలో మాది కిరాణా కొట్టు. పిల్లల్లో పెద్దదాన్ని కాబట్టి పొట్లాల పని నాది. ఒక పొద్దున అమ్మ జిగురు ఉడికిస్తోంది. బాపు తెచ్చిన పాత కాగితాల కట్ట విప్పితే, అందులో ఏదో ఇంగ్లీషు బొమ్మల పుస్తకం విడి పేజీలుగా ఉంది. గుహలో నిప్పు, బండి చక్రం, పిరమిడ్లు, గడ్డం పెద్దమనిషి, అచ్చుయంత్రం. ఆ గడ్డమాయన గ్రీకు తత్వవేత్త అని పెద్దయ్యాక తెలిసింది. అక్షరాలు రాకపోయినా మనుషుల కథంతా అరుగు మీద వరుసగా పరిచి చూసుకున్నాను. చింపడానికి చేయి రాలేదు.

"బాపూ, ఇవి ఉంచుకుంట."

"మళ్ల రేపు సంతల ఉప్పు కొంగుల పోసిస్తవా? జల్దీ చుట్టు బిడ్డా."

కత్తెర తీసుకున్నాను, కళ్లలో నీళ్లు. అప్పుడే పూజ ముగించి వచ్చిన నానమ్మ వంగి చూసింది.

"ఎవరే ఈ మునీశ్వరుడు? మొకంల ఎంత కళుందో!"

వేలి కుంకుమ ఆయన నుదుట అద్ది దండం పెట్టింది. బాపు తల పట్టుకున్నారు.

"ఆయన మన దేవుడు గాదే అమ్మా!"

"ఏ దేశపోడైతేంది? బొట్టు వెట్టినంక ఈ కాయితంల ఇంగువ గడ్తవారా?"

నేను మెల్లగా కత్తెర కింద పెట్టాను. మనసులో ఆ మునికే మొక్కుకున్నాను.

సాయంత్రం దీపం పెట్టాక ఇంట్లో తేల్చారు. మునితో పాటు బొమ్మలన్నీ అదే జిగురుతో పూజగది గోడకు అంటించాలని, ఆ వారం సంతకు పొట్లాలు మోదుగాకుల్లో కట్టాలని.