పెట్రోలు వాసనతో ఎమ్మిగనూరుకు

అమ్మకు తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టు వేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆదోని ఆసుపత్రి వాళ్లు. ఎమ్మిగనూరుకు బస్సులకేం కొదవ లేదు. కాలు మడవలేని మనిషిని బస్సెక్కించడమే కుదరని పని. అందుకని ఒక పాత పెట్రోలు వ్యాను మాట్లాడాను. ఇది ఎనభైల మొదట్లో మాట. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని, తొమ్మిదింటికి అయిదుగురం పట్టుకుని అమ్మను వెనక సీటు మీద పడుకోబెట్టాం.

పత్తి మిల్లులు దాటాక డ్రైవరు రంగన్న దారిలో ఒక రైతును ఎక్కించుకున్నాడు. పేరు ఈరన్న. ఆ వ్యానులో ఇంజను ముందు సీట్ల మధ్యే, ఒక రేకుమూత కింద ఉంటుంది. ఈరన్న దాని పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు. సగం దారిలో పెట్రోలు వాసన గుప్పుమంది.

“యాడో కారతాంది. బీడీ పారెయ్ అన్నా,” అంటూ రంగన్న బండి పక్కకు తీసి ఆపాడు.

మూత ఎత్తి చూస్తే పెట్రోలు గొట్టం ఇంజనుకు కలిసే చోట ఇత్తడి నట్టు చీలి ఉంది. వేడి ఇనుము మీద చుక్కలు పడి ఆవిరి లేస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మను దించుదామని ముగ్గురం పట్టుకోబోతే ఆమె నొప్పికి కేక పెట్టింది. ఆ ఇరుకు తలుపులోంచి ముగ్గురి వల్ల కాలేదు.

“నువ్వు దిగి దూరంగా పోయి నిలబడుకో,” అంది అమ్మ.

నేను దిగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని సీటు కింద చతికిలబడ్డాను. రంగన్న బ్యాటరీ వైరు ఊడదీసి ఇంజను చల్లారేదాకా ఆగాడు. ఈరన్న గొట్టం మూతిని బొటనవేలితో మూసి పట్టుకుంటే, రంగన్న పనిముట్ల పెట్టెలోంచి వేరే నట్టు తీసి బిగించాడు. అప్పటికే బండిలో నేలంతా పెట్రోలు తడి. ఆ ఆవిరి పోవాలని తువ్వాలుతో విసురుతూనే ఉన్నాను. పదకొండైంది.

మా వైపు ఆగిన బండి బాగయ్యాక కర్పూరం వెలిగించకుండా కదిలించరు. రంగన్న ఆ రేకుమూత మీదే బిళ్ల పెట్టి అగ్గిపెట్టె తీశాడు. బీడీ వద్దన్న మనిషే! గబుక్కున లాక్కున్నాను.

“బీడీ వేరే, దేవుంది వేరే సార్. ఏమీ కాదు,” అన్నాడు నింపాదిగా.

“ఎలిగించనీరా,” అని అమ్మ బతిమాలింది. పెట్రోలంటే ఏమిటో తెలుసా నీకు అని ఆమె మీద అరిచాను. చివరికి ఈరన్న కర్పూరం పట్టుకెళ్లి, దూరంగా చేను గట్టు మీద రాయిపై వెలిగించాడు. అమ్మ పడుకునే దండం పెట్టింది.

బండి కదిలింది. ఈరన్న తన ఊళ్లో దిగిపోయాడు. వాసన పోయినా నేను మూత మీద నుంచి కళ్లు తీయలేదు. ఆ దారిన తరవాత ఎన్నోసార్లు తిరిగాను. అంత పొడుగు ఇంకెప్పుడూ అనిపించలేదు. అమ్మ మొహం అటు తిప్పుకుని పడుకుంది. అలిగిందనుకున్నాను. ఎమ్మిగనూరు ఇళ్లు కనిపించాక మెల్లగా అంది:

“పెట్రోలు సంగతి నాకూ తెలుసురా. నేను లేయలేను, నువ్వు దిగవు. ఇంక దేవుణ్ణి తప్ప ఎవర్ని అడగల్ల నేను?”