బీజాన్ కొలతల పుస్తకం

ఆళ్లగడ్డలో బీజాన్ దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే ఇంట్లో మగవాళ్ల రక్తం గ్రూపు చెప్పాలి. ఛాతీ, నడుము, చేతి పొడవు రాసుకున్నాక టేపు మెడలో వేసుకుని, మీ ఆయనది ఏ గ్రూపని అడుగుతుంది. తెలియదంటే గుడ్డ మడిచి చేతికిచ్చేస్తుంది. కొత్తవాళ్లు బిత్తరపోతారు, పాతవాళ్లు నవ్వుతారు. బీజాన్ నవ్వదు. నాలుగేళ్లుగా ఆమెకు మనుషులంటేనే రోత.

ఆ రోత ఊరికే పుట్టలేదు. ఆమె నాయన మాబు సాహెబ్ దూదేకి పరుపులు కుట్టి బతికిన మనిషి. ఆయనకు రక్త క్యాన్సరని నంద్యాల ఆసుపత్రిలో తేలగానే చుట్టాలంతా ద్రాక్షపళ్లు పట్టుకుని దిగబడ్డారు. ఎద్దుపుండు కాకికి ముద్దు. మంచానికి ఆమడ దూరాన నిలబడి, ఎన్నాళ్లుంటాడన్నారని గుసగుసలాడుకున్నారు. సొంత మేనత్త, అంటుకుంటుందేమోనని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పళ్లను బీజాన్ ఒక్కటీ ముట్టుకోలేదు.

ఒక పొద్దున మాబు సాహెబ్‌కు ముక్కులోంచి కారే రక్తం ఆగలేదు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, బి పాజిటివ్ వాళ్లను వెంటనే పిలిపించుకోమన్నాడు డాక్టరు. బ్లడ్ బ్యాంకులో ఆ రోజుకు నిండుకున్నాయి. బీజాన్ తమ వీధిలో కుర్రాళ్లందరికీ ఫోన్లు చేసింది. అందరిదీ ఒకే జవాబు. ఆరు రోజుల కిందటే ఊళ్లో పార్టీ నాయకుడి పుట్టినరోజు శిబిరంలో రక్తం ఇచ్చేశారు. ఒకసారి ఇస్తే మూడు నెలలు ఆగాలి. శిబిరంలో తీసిన ప్లేట్‌లెట్లేమో ఐదు రోజులు దాటితే పారబోయాల్సిందే. ఊరు ఊరంతా ఒక్క పూటలో చేతులు చాపి, ఫొటోలు దిగి, మిగతా మూడు నెలలకూ వట్టి చేతులతో మిగిలింది. మూడోనాడు నాయన పోయాడు. దొరికి ఉంటే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు.

నాయన పేరిట నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఆమె కొలతల పుస్తకంలో గ్రూపులు రాయడం మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు, మూడు గిన్నెల స్టీలు క్యారియర్‌లో అన్నం సర్దుకుని నంద్యాల బస్సెక్కుతుంది. ఆసుపత్రిలో ఇదే జబ్బుతో ఉన్నవాళ్ల ఇంటివాళ్లకు తిండి పెడుతుంది, రక్తం కావాలంటే పుస్తకం తీస్తుంది. ఆ క్యారియర్ నాయన గుర్తని అందరూ అనుకుంటారు. ఆమె అవుననీ అనదు, కాదనీ అనదు.

ఈ ఏడు ఆమె చేతిలో పడింది సంజామల నుంచి వచ్చిన సుబ్బలక్ష్మి. ఆమె భర్త మల్లికార్జునకు వచ్చే వారమంతా ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. ఆయనదీ బి పాజిటివే. బీజాన్ పుస్తకం తిరగేసి తొమ్మిది మందిని ఏరింది, తమ్ముడు షోయబ్‌తో కలిపి. పిలిచినప్పుడు వస్తామని అందరూ మాటిచ్చారు.

సరిగ్గా అప్పుడే మళ్లీ నాయకుడి పుట్టినరోజు వచ్చింది. శిబిరం చూసుకునే శశిధర్ ఆమె కుట్టు దుకాణానికి వచ్చి, ఈసారి మూడొందల మంది కావాలని, వేదిక మీద ఆమెకు శాలువా కప్పుతామని, ఫ్లెక్సీలో మాబు సాహెబ్ బొమ్మ కూడా వేయిస్తామని చెప్పాడు.

చచ్చిన నాయన బొమ్మ, దండం పెడుతున్న నాయకుడి పక్కన. ఆమెకు ఒళ్లంతా కంపరమెత్తింది.

"బొమ్మ వద్దు, శాలువా వద్దు. నా తొమ్మిది మంది జోలికి రావాకు," అంది.

"అట్లే కానీలే అక్కా," అన్నాడు శశిధర్. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే ఆమెకు అనుమానం రావాల్సింది.

పుట్టినరోజు నాడు పందిట్లోకి వెళ్లి చూస్తే వరసగా మంచాలు, మంచాల కింద కొత్త హెల్మెట్లు. రక్తం ఇచ్చినవాళ్లకల్లా హెల్మెట్టట. ఆమె తొమ్మిది మందీ అక్కడే ఉన్నారు. ముగ్గురు అప్పటికే ఇచ్చేసి జ్యూస్ తాగుతున్నారు. థూ, వీళ్ల మాట నీళ్ల మీద రాత. నాలుగో మంచం మీద షోయబ్ చొక్కా చెయ్యి మడిచి పడుకున్నాడు. ఇంకా సూది దిగలేదు.

"లెయ్," అంది బీజాన్.

"పోలీసోళ్లు దినామూ ఆపుతాండారక్కా. హెల్మెట్ ఇస్తాండారని వచ్చినా."

"తలకాయకు పెట్టుకునేదానికి ఆడ ఒక మనిషిని చంపుతావా?"

షోయబ్ ముఖం గంటు పెట్టుకున్నాడు. పక్క మంచాల వాళ్లకు వినబడేలానే అన్నాడు. "ఆ పొద్దు క్యారియర్ ఇస్తాండారని నన్ను శిబిరానికి తోలింది ఎవురు? నువ్వే గదా."

పందిట్లో చాలామంది ఆమె వైపు చూశారు. ఆమె ఇన్నాళ్లూ ఊరి మీద ఉమ్మిన ఉమ్మంతా ముందు తన మీద పడిందేనని వాళ్లకు తెలియదు. నాయనను చేర్పించిన కొత్తలో ఆసుపత్రికి అన్నం తీసుకెళ్లడానికి ఇంట్లో క్యారియర్ లేదు. తమ్ముడిది బి పాజిటివే. శిబిరానికి వెళ్లి రక్తమిచ్చి, వాళ్లు పంచే క్యారియర్ తెమ్మని పంపింది తనే. ఆరు రోజులు తిరిగేసరికి నాయనకు ఆ రక్తమే కావాల్సి వచ్చింది. తనంటే తనకున్న అసహ్యం ముందు మేనత్త కొంగు ఏపాటిది?

"నేనే తోలినా," అంది బీజాన్. "ఆ క్యారియర్ అన్నం నాయన రెండు పూట్లే తిన్యాడు. లెయ్."

షోయబ్ కాసేపు హెల్మెట్ వైపు చూసి, చొక్కా చెయ్యి కిందికి దించుకుని లేచాడు. అతని వెనక ఇంకో నలుగురు లేచారు. తొమ్మిదోవాడు మాత్రం కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాడు. శశిధర్ మైకులో ఎవరి పేరో పిలుస్తూనే ఉన్నాడు.

రోజుకొకరు చొప్పున రమ్మన్నాడు డాక్టరు. మర్నాడు నంద్యాల ఆసుపత్రిలో మొదటి వంతు షోయబ్‌ది. అతన్ని లోపలికి పంపి, బీజాన్ వరండాలో సుబ్బలక్ష్మి ముందు గిన్నెలు విప్పింది. సుబ్బలక్ష్మి రెండు ముద్దలు తిని, సొట్టపడిన మూతను చేత్తో తడిమింది.

"మీ నాయనదంట గదా అక్కా, ఈ క్యారియర్?"

"కాదు," అంది బీజాన్. "నాది."