కల్లానికి పంపిన కంటి మందు

రాజాంలో నా మందుల షాపుకి ఇరవై ఏళ్లు దాటాయి. అందులో ఎక్కువ కాలం నేను ఎవరినీ డాక్టరు చీటీ అడగలేదు. జ్వరమన్నా, కన్ను ఎర్రబడిందన్నా మనిషి మొహం చూసి మందు ఇచ్చేసేవాణ్ని. సగం డాక్టరని పిలిచేవారు. ఆ మాటకి లోపల పొంగిపోయేవాణ్ని.

మా చెల్లిని చీపురుపల్లి దగ్గర ఒక పల్లెకి ఇచ్చాం. వాళ్లది వరి సేద్యం. ఏటా నూర్పులు మొదలయ్యే రోజు వాళ్ల కల్లానికి బెల్లం, మరమరాలతో పాటు ఒక యాంటీబయాటిక్ కంటి చుక్కల బుడ్డి పంపేవాణ్ని. నూర్పుల్లో దుమ్ము, గింజల కొనలు కళ్లలో పడటం మామూలే. ఎవరి కన్ను మండితే వాళ్లు రెండు చుక్కలు వేసుకుని బుడ్డి పక్కవాళ్లకి అందించేవారు. ఎరుపు తగ్గగానే ఆపేయండి, మిగిలింది గూట్లో దాచుకోండి అని చెప్పింది నేనే. మందు వృథా చేయకూడదనుకునేవాణ్ని. కల్లంలో దానికి 'మావ మందు' అని పేరు కూడా పడింది.

రెండేళ్ల కిందట నూర్పుల్లో ఒక గింజ కొన మా బావ కుడి కంటిని గీసింది. మూడో రోజు పొద్దున్న చెల్లి ఫోన్ చేసింది.

"అన్నియ్యా, నీ మందు ఏస్తన్నా మీ బావ కన్ను తెరవలేకపోతన్నారు. నల్లగుడ్డు మీద తెల్లగా ఏటో ఉన్నాది."

"మరేం కాదు. ఇంకో రెండు రోజులు వేసి చూడు."

"నువ్వు సూడకుండా ఎలాగ సెప్పేస్తన్నావు? నాను ఇజీనారం తీసుకెల్లిపోతన్నాను. వస్తే రా, నేకపోతే మానెయ్."

నాకు కోపం వచ్చింది. నా షాపు ఉండగా ఆసుపత్రి ఎందుకని. అయినా షట్టరు దించి బయలుదేరాను.

విజయనగరంలో కంటి డాక్టరు పరీక్ష చేసి, నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. దాన్ని సన్నని బ్లేడుతో కొద్దిగా గీకి ల్యాబుకి పంపారు. గంటగంటకీ వేయాల్సిన వేరే మందు మొదలుపెట్టారు. "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కన్ను దక్కేది కాదు. ఇప్పుడు కూడా గట్టిగా చెప్పలేను" అన్నారు. నేను ఆగమన్న ఆ రెండు రోజులే. చెల్లి నావైపు చూడలేదు.

మూడో రోజు ల్యాబు ఫలితం వచ్చింది. కాగితం ఇస్తే చెల్లి తీసుకోలేదు. "మా ఆయన కంట్లో ఉన్నదేటో నాకు సూపించమ్మా" అని ల్యాబులో పనిచేసే అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి ఒక గుండ్రటి మూతపళ్లెం తెచ్చింది. లోపల బ్యాక్టీరియా మీగడ కట్టినట్టు పెరిగి ఉంది. దాని మీద అక్కడక్కడా చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కోదానికి ఒక్కో మందు పట్టించారట. రెండు బిళ్లల చుట్టూ శుభ్రంగా ఖాళీ ఉంది. ఒక బిళ్లని మాత్రం మీగడ అంచుదాకా కమ్మేసింది.

"ఈ బిళ్ల ఏటి?"

"మీరు ఇంతవరకూ వేసిన చుక్కలేనమ్మా. దానికి ఇది లొంగడం లేదు."

తర్వాత విడమరిచి చెప్పింది. ఇలాంటి బ్యాక్టీరియా మన రెప్పల మీద, చేతుల మీద, మట్టిలో ఉంటూనే ఉంటుంది. కంటి పైపొర చెక్కుచెదరకుండా ఉంటే లోపలికి పోలేదు. గీత పడితే దారి దొరుకుతుంది. మందు సగంలో ఆపితే బలహీనమైనవి చచ్చి, తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. బుడ్డి మూతి రెప్పకి తగిలితే దాంతోపాటు ఇంకొకరి కంట్లోకి పోతాయి.

"ఒక బుడ్డి ఎంతమంది వాడతారు?" అని అడిగింది.

"కల్లంలో పదకొండుమందిమి" అంది చెల్లి. ఎవరు పంపారో చెప్పలేదు.

"పంపింది నేను. సగంలో ఆపమన్నదీ నేనే" అన్నాను.

"ఆ బుడ్డి వల్లే అని చెప్పలేం సార్" అంది ఆ అమ్మాయి. నా మీద జాలిపడి అన్నదని నాకు తెలుసు.

ఆ తర్వాత కన్ను కాపాడింది మందు ఎంతో, మా చెల్లి అంతే. ఫోన్లో గంటగంటకీ అలారం పెట్టుకుంది. ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని, కింది రెప్ప లాగి, బుడ్డి ఎక్కడా తగలకుండా ఒక్క చుక్క. ఒక్క పూటా తప్పలేదు.

"ఏటే, నా కంట్లో ఊడుపులు ఏస్తావా? ఇలాగ నీరెడతన్నావు" అనేవాడు బావ.

"కదలకు. కన్నుంటేనే కదా రేపు నన్ను సూసి తిడతావు."

ఒకసారి నేను వేస్తానని బుడ్డి అందుకోబోయాను. "ముందు సేతులు కడుక్కో అన్నియ్యా" అంది. ఇరవై ఏళ్లు చుక్కలు అమ్మినవాణ్ని, చుక్క వేయడం నా చెల్లి దగ్గర నేర్చుకున్నాను. సిగ్గుపడ్డాను. అంతకంటే ఎక్కువ గర్వపడ్డాను.

కన్ను దక్కింది. చిన్న మచ్చ మిగిలింది. ఆ కంటితో పేపరు చదవలేడు గానీ, వరి కంకి చూసి పాలుపోసుకుందో లేదో చెప్పగలడు.

మరుసటి ఏడు కల్లానికి బెల్లం, మరమరాలతో పాటు దుమ్ము పడకుండా పెట్టుకునే కళ్లజోళ్లు పదకొండు జతలు పంపాను. షాపులో చీటీ లేనిదే యాంటీబయాటిక్ ఇవ్వడం మానేశాను. కొందరు పక్క షాపుకి పోయారు. పోనీ అనుకున్నాను.

మొన్న ఆ కల్లంలో పనిచేసే ఒకామె కొంగుతో కన్ను అదుముకుంటూ షాపుకొచ్చింది. చుక్కలు ఇవ్వనని, ఆసుపత్రికి వెళ్లమని చెప్పాను. ఆమె నవ్వింది.

"తెలుసులే మావా. మీ సెల్లి ముందే సెప్పింది. మా అన్నియ్య సొంత బావకే తప్పు మందిచ్చాడు, ఆసుపత్రిలో తనే ఒప్పుకున్నాడు, ఇంక సీటీ నేకపోతే ఎవలికీ ఇవ్వడు, ఎల్లి అడక్కు అని. ఎంత గొప్పగా సెప్పిందనుకున్నావు. ఏదో పనిమీద ఇటొచ్చి, ఓసారి అడిగి సూద్దామని వచ్చాను."

కౌంటరు దిగి, ఆమెని విజయనగరం బస్సు ఎక్కించి వచ్చాను.