బావ బండిలో నిర్మల్ చలి

మంచునూ ఎండనూ తన చేతిలో ఉంచుకున్న దేవునికి స్తోత్రం. మమ్మల్ని క్షేమంగా తీసుకెళ్లి, క్షేమంగా తెచ్చాడు.

మా బావ ఒక పాత వ్యాను కొని, మధురానగర్‌లో ఇంటి ముందే దాన్ని పడుకునే బండిగా మార్చాడు. ఇంజనుకు ఒక బ్యాటరీ, లోపల లైట్లకూ మైకుకూ కరెంటు దుప్పటికీ ఇంకొకటి. డిసెంబరు వస్తే మా సంఘం క్రిస్మస్ క్యారల్స్‌కు అమీర్‌పేట సందులన్నీ ఆ బండే తిరిగేది. మొన్న వానాకాలంలో బావ ప్రభువు దగ్గరకు వెళ్లిపోయాడు. పంజాగుట్టలో ఒకాయన బండి కొంటానన్నాడు. అక్క సరేనంది కానీ, "ఒక్కపారి నిర్మల్ పోయొద్దాం తమ్మీ. మీ బావ సలికాలం పోదామనేటోడు. ఎన్క ఇచ్చేద్దాం," అంది.

నవంబరు చివరి శనివారం పొద్దున ఆరింటికి ప్రార్థన చేసుకుని అక్క, నేను, నా భార్య రూతు బయలుదేరాం. కామారెడ్డిలో ఇడ్లీ, నిర్మల్‌లో భోజనం. మూడింటికి ఊరు దాటి, తెలిసినవాళ్ల చర్చి ఆవరణలో బండి ఆపాం. ఇంజను ఆపాం గానీ మైకు ఆపలేదు. క్యారల్స్ రిహార్సల్ అనుకుని పాడుతూనే ఉన్నాం. బండి మీద బావ కట్టిన స్టార్ పట్టపగలే వెలుగుతోంది. అది వెలగకుండా ఆ బండిలో పాట పాడటం మాకెవరికీ అలవాటు లేదు.

పొద్దుగూకగానే చలి కరిచింది. కరెంటు దుప్పటి కాసేపు వేడెక్కి చల్లారిపోయింది. చలికి బ్యాటరీ త్వరగా నీరసపడుతుంది. ఉన్న కాస్తా మేం పాటలకే ఖర్చుపెట్టాం. అక్కకు కీళ్లవాతం, వేళ్లు బిగుసుకుపోతున్నాయి. రూతు కుంపటి అడిగి తెస్తానంది. మూసిన బండిలో బొగ్గులు ప్రాణం తీస్తాయని బావ చెప్పేవాడట, అక్క ఒప్పుకోలేదు. వెళ్లేవాళ్లు ఇది మరువకండి.

అరగంట రోడ్డు మీద తిప్పితే బ్యాటరీ కొంత కోలుకుంటుంది. స్టార్ ఆర్పితేనే ఆ కరెంటు దుప్పటికి మిగులుతుంది. స్విచ్ దాకా వెళ్లాను గానీ చేయి రాలేదు.

"జరుగు తమ్మీ," అని అక్కే ఆర్పేసింది. "మీ బావ స్టార్ కట్టింది మనం సలికి సచ్చెటందుకు గాదు."

రోడ్డు మీద ఓ అరగంట తిప్పుకుని వచ్చేసరికి దుప్పటి వెచ్చబడింది. అక్క వేళ్లు సాగి టీ గ్లాసు పట్టుకుంది, ముచ్చట్లు మొదలుపెట్టింది. ఓసారి శ్రీనగర్ కాలనీలో బండి మొరాయిస్తే క్వయిరంతా తోసుకుంటూ పాడిందట. స్టీరింగ్ పట్టుకున్న బావ మాత్రం, "ఆపకుండ్రి, శ్రుతి పోతది," అన్నాడట. బావ పోయాక అక్క నవ్వడం అప్పుడే చూశాను.

ఆదివారం ఆరాధన అక్కడే ముగించుకుని, సాయంత్రానికి పంజాగుట్ట చేరాం. కొనేవాయన బండి చుట్టూ తిరిగి, లోపల వెచ్చగుంటదా అని అడిగాడు.

"మస్తు వెచ్చగుంటది," అంది అక్క. "అందుకే ఇస్తలేను, అన్నా. ఏమనుకోకు."

"మరి నడిపేదెవరక్కా?"

"నేనే."

ఇప్పుడు రోజూ పొద్దున్నే మధురానగర్ సందుల్లో అక్క క్లచ్ నేర్చుకుంటోంది. పక్క సీట్లో నేను కళ్లు తెరుచుకునే ప్రార్థన చేస్తున్నాను. ఈ క్యారల్స్‌కు బండి ఆమె చేతుల మీదుగా కదలాలని, ఆ వేళ్లకు ప్రభువు బలమివ్వాలని, చదివే మీరూ నాతో కలిసి ప్రార్థించండి.