ఎడమ పక్క కుర్చీ

మాది పుంగనూరు. మా అన్న టమాటాలు వ్యాన్లో వేసుకుని మదనపల్లె మార్కెట్ యార్డుకు తోలేవాడు. నేను కుప్పంలో ఇంజనీరింగ్ చదివేదాన్ని. ఒకసారి సెలవులయ్యాక నన్ను హాస్టల్లో దింపడానికి ఆ వ్యాన్లోనే పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోతుంటే, మలుపులో, రోడ్డు కింద నీళ్లు పారే మోరీ దగ్గర ఒక ఎనుము, అదే గేదె, అడ్డం వచ్చింది. అన్న పక్కకు తిప్పాడు, వ్యాను గుంతలో పడింది. ఆయనకు గీత కూడా పడలేదు. నా ఎడమ మోచెయ్యి విరిగింది. ఈరోజుకూ దాన్ని పూర్తిగా చాపలేను.

అప్పట్నుంచి అన్న స్టీరింగ్ ముట్టుకోలేదు. వ్యాను ఇంటి ముందు పట్ట కప్పుకుని నిలబడిపోయింది. బండి తోలే మనిషి యార్డులో గంపలు మోయడానికి పోయేవాడు. అమ్మ ఏమైనా అంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

చివరి ఏడాది ప్రాజెక్టుకు నేనూ నా క్లాస్‌మేటూ కంప్యూటర్లో బండి తోలే సిమ్యులేటర్ చేద్దామనుకున్నాం. అడిగినవాళ్లకు గ్రాఫిక్స్ అంటే ఇష్టమని చెప్పాను. అన్నతో మళ్లీ బండి తోలించాలన్నదే నా ఆశ.

ఏ సాఫ్ట్‌వేర్‌తో చెయ్యాలన్న దగ్గర మా ఇద్దరికీ పడలేదు. ఆమె ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి తెచ్చింది. కొండలు, మబ్బులు, చెట్ల నీడలు అన్నీ అందులో తయారుగా ఉన్నాయి. కానీ బండ్లన్నీ రోడ్డుకు కుడివైపు పోతాయి, మార్చే దారి మాకు దొరకలేదు. పైగా మా ల్యాబ్ కంప్యూటర్లో స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ రోడ్డు తిరగదు. పైన పటారం, లోన లొటారం. నేను పట్టుకున్నది ఉచితంగా దొరికే గ్రాఫిక్స్ లైబ్రరీ. అందులో రోడ్డు మీద గీత కావాలన్నా మనమే కోడ్ రాసుకోవాలి.

"నువ్వు రోడ్డు గీసేలోపల మనకు పెండ్లిండ్లు అయిపోతాయి మే," అంది ఆమె.

"కానీలే. రోడ్డు మాత్రం మాదే ఉండాల," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పాపం, తిట్టుకుంటూనే నాతో కూర్చుంది. చింతచెట్లు అట్టముక్కల్లా వచ్చాయి, ఆకాశమంతా ఒకటే రంగు. అయినా ఆ మలుపు వచ్చింది, మోరీ వచ్చింది, ఎనుమూ వచ్చింది.

అమ్మ చేసిన ఊరిబిండి పచ్చడి పట్టుకుని అన్న బస్సులో కుప్పం వచ్చాడు. ల్యాబ్‌కు తీసుకుపోయి, ప్లాస్టిక్ స్టీరింగూ బ్రేకూ ముందు పెట్టి బతిమాలితే కూర్చున్నాడు. బాగానే తోలాడు. మోరీ కనబడగానే చేతులు తీసేశాడు.

"యాల అన్నా, ఏమైంది? ఎనుమును తీసేయమంటావా?"

"ఎనుముదేముండాది, ఉండనీ. దీంట్లో పక్కన ఎవురూ లేరు గదమ్మా. నేను ఎట్ల తోలినా ఎవురికీ ఏం గాదు." నా మోచెయ్యి వైపు చూశాడు. "నాకు బయం రోడ్డంటే కాదు."

ఇంట్లో అందరం ఆయనకు రోడ్డంటేనే భయమనుకున్నాం. కుర్చీ లాక్కుని ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు తోలు."

నిదానంగా తోలాడు. మోరీ దగ్గర ఎనుము రోడ్డెక్కింది. అన్న బ్రేకు తొక్కాడు. తొక్కుతూనే, నేను ముందుకు పడకుండా ఎడమచెయ్యి నాకు అడ్డం పెట్టాడు. గచ్చు మీద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నదాన్ని ఎక్కడ పడతాను? క్లాస్‌మేట్ నవ్వబోయి ఆగిపోయింది. ఎనుము దాటిపోయింది. ఆయన చెయ్యి ఇంకా తియ్యలేదు.

"హాస్టలు ఖాళీ చేసేనాడు బస్సుకు రావద్దు. వ్యాను తెస్తా," అన్నాడు. "నువ్వు ముందర్నే కూర్చో."