శనక్కాయల పందిట్లో సోషల్ పాఠం

ఎస్సెల్సీ మొదటిసారి రాసి తప్పినప్పుడు నాకు పదహారేళ్లు. ఆత్మకూరులో పిన్ని ఇంట్లో ఉండి హైస్కూలు చదివాను. మిగతావన్నీ గట్టెక్కాయి గానీ సోషల్‌లో పోయింది. చదవక కాదు. ఆ ఇంట్లో అందరూ పడుకున్నాక దీపం ఆర్పేది నేనే. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒక్కో పేరాను నోటికొచ్చేదాకా వల్లించేదాన్ని. మొదటి మాట గుర్తొస్తే పేరా మొత్తం దొర్లుకుంటూ వచ్చేది. పరీక్ష రోజు ఆ మొదటి మాటే రాలేదు.

ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఉదయగిరి దగ్గరి మా పల్లెకు తిరిగొచ్చాను. ఆడపిల్లకు ఆ మాత్రం చదువు చాలదా అని బంధువులు నాయనతో అన్నారు. ఆయనకు కాసిని గొర్రెలు, కొంత మెట్ట పొలం. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఒక ఏడు వాన పడకపోతే సేద్యం మానుకుంటామా? మళ్లీ పరీక్షకు కడ్తాది," అన్నాడు.

నాకు జ్ఞాపకశక్తి తక్కువని ఊరంతా తేల్చేసింది. ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చెప్పారు. కాలవ గట్టున తడిలో పెరిగే సరస్వతి ఆకు కోసుకొచ్చి అవ్వ పప్పులో వేసేది. బాదం పప్పులు నానబెట్టి తినమన్నారొకరు. బాదం పప్పులు మా ఊళ్లో ఎవరు చూశారు? అవ్వ శనగపప్పులు నానబెట్టి, "ఇవి కూడా పప్పులే, తిను," అనేది. వీటిలో ఏది పనిచేసిందో, అసలు పనిచేసిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అవ్వ పెట్టిన ఇంకో కట్టడి మాత్రం పనిచేసింది. పొద్దు గుంకగానే సంగటి తిని పడుకోవాలి. కోడి కూసినప్పుడు లేచి చదువుకోవాలి.

"నిద్ర లేని తలకాయలో ఏం నిలస్తాదే? కళ్లు చూడు, ఎట్టా గుంటలు పడినాయో," అని దీపం తీసుకుపోయేది.

మొదట్లో ఏడుపొచ్చింది. వారం తిరక్కుండానే తెల్లవారుజామున పుస్తకం తెరిస్తే అక్షరాలు ఇదివరకటిలా అలుక్కుపోవడం లేదని గమనించాను. అయినా పొద్దున వల్లించింది మధ్యాహ్నానికి సగం జారిపోయేది.

ఆ చలికాలం విత్తనాల కోసం శనక్కాయలు ఒలిచే పని పెట్టుకున్నాం. ఇంటి ముందు తాటాకు పందిరి కింద అమ్మతో పాటు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. నేనూ చేట ముందేసుకుని ఒలుస్తూ, పెదాలతో పాఠం గొణుక్కుంటూ ఉండేదాన్ని. వాళ్లలో వరికుంటపాడు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన ఒకామె ఉండేది. వరసకు నాకు పెద్దమ్మ. దేన్నీ అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

"ఏందమ్మే, నీలో నువ్వే గొణుక్కుంటా ఉండావు? మాకూ చెప్పరాదా?" అంది.

"సోషల్ పాఠం పెద్దమ్మా. కళింగ యుద్ధం."

"యుద్ధమా? అయితే కథే గదా. చెప్పు."

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వల్లించడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఆ రాజు గెలిచినాడా, ఓడినాడా?"

"గెలిచినాడు."

"గెలిచినోడు ఎందుకు ఏడిచినాడు?"

"చాలామంది చచ్చిపోయినారని..."

"యుద్ధమంటే చస్తారని ముందు తెలవదా ఆయనకి?"

పందిరంతా నవ్వింది. ఆ పేరా నాకు కంఠతా వచ్చు, అయినా జవాబు చెప్పలేకపోయాను. పుస్తకం తేవడానికి లేవబోతే అమ్మ, "ముందు ఆ చేట కానీ," అంది. సాయంత్రం దాకా ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. పని అయ్యాక వెలుగుండగానే ఆ పేజీ తీశాను. పుస్తకంలో ఒక సంగతి వెతుక్కుంటూ చదవడం నాకదే మొదలు. మర్నాడు ఆ రాజు ఎవరి మీదికి వెళ్లాడో, యుద్ధమయ్యాక ఏం చూశాడో, ఆ తర్వాత ఎలా మారిపోయాడో నా మాటల్లో చెప్పాను. పెద్దమ్మ చేతులు ఆపేసి విన్నది.

అప్పటినుంచి రోజుకో పాఠం. ఈశాన్య ఋతుపవనాల గురించి చెప్పిన రోజు ఆమె పట్టు వదల్లేదు.

"మబ్బులు మన నెత్తి మీదగానే పోతా ఉండాయి గదా, మన మర్రిపాడు పక్క ఎందుకు కురవవు?"

చదివి మర్నాడు చెప్పాను. గాలి సముద్రం మీది తేమను మోసుకొస్తుంది, తీరం దగ్గరే చాలామటుకు కురిసేస్తుంది, మన దాకా వచ్చేసరికి తేలికైపోతుంది అని.

"అంటే నెల్లూరోళ్లు తాగినంత తాగి, మనకు అడుగు చుక్కలు వదలతా ఉండారన్న మాట!"

ఇంకో తమాషా ఏమిటంటే, విన్న కథల్ని ఆమె బావి దగ్గర మళ్లీ చెప్పేది. ఒకరోజు నీళ్లకు వెళ్తే, కళింగ రాజ్యాన్ని గెలిచిన రాజును మా ఉదయగిరి కోట ఎక్కించి, అక్కణ్నుంచి యుద్ధం నడిపిస్తోంది. "అట్టా కాదు పెద్దమ్మా!" అని బిందె దించి మొదటినుంచీ సరిచేసి చెప్పాల్సి వచ్చింది. అలా ఆమె తప్పు చెబితే నేను దిద్దిన సంగతుల్లో ఒక్కటీ నాకు మళ్లీ మరుపు రాలేదు.

పరీక్షలకు ముందే కాయలు ఒలవడం అయిపోయింది. పందిరి ఖాళీ. మళ్లీ ఒంటరిగా పుస్తకం పట్టుకుని ఊగడం మొదలుపెట్టాను, మళ్లీ పాత కథే. రెండు రోజులు దిగులుగా తిరిగాను. మూడో రోజు ఒక పేరా చదివి, పుస్తకం మూసి, పెద్దమ్మ అయితే ఇక్కడ ఏమడుగుతుందా అనుకున్నాను. ఆమె గొంతుతోనే పైకి అడిగాను, జవాబూ పైకే చెప్పాను. పొయ్యి దగ్గరున్న అవ్వ కంగారుగా బయటికొచ్చి, "ఎవరొచ్చినారే?" అంది. ఎవరూ లేరని చూసి, నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో అని చూసింది.

పరీక్షకు నాయన నన్ను బస్సులో ఆత్మకూరు తీసుకెళ్లాడు. సోషల్ పరీక్ష రోజు పొద్దున పుస్తకం తెరవలేదు. మజ్జిగన్నం తిని వెళ్లాను. గంట కొట్టేదాకా పిల్లలంతా వరండాలో పేజీలు తిప్పుతూనే ఉన్నారు. వాళ్లను చూస్తే కాసేపు భయమేసింది. ప్రశ్నల కాగితంలో కళింగా లేదు, ఋతుపవనాలూ లేవు. మొదటి ప్రశ్నకు ఒక సంవత్సరం ఎంతకీ గుర్తు రాలేదు. ఆ చోటు ఖాళీగా వదిలి, జరిగిందేమిటో, ఎందుకు జరిగిందో, ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు రాసుకుంటూ పోయాను. మూడో ప్రశ్న మధ్యలో ఆ సంవత్సరం దానంతటదే గుర్తొచ్చింది. వెనక్కి తిప్పి రాసేశాను.

ఫలితాలు పేపర్లో పడ్డ రోజు నాయన ఉదయగిరి వెళ్లి, కాఫీ హోటల్లో ఎవరి చేతనో నా నంబరు చూపించుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఉండాది," అన్నాడు. ఆ ఒక్క మాటకే అవ్వ గట్టిగా ఏడ్చేసింది.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది.

"పాసయితే ఇంక చదవాల్సిన పన్లేదా?"

"నెల్లూరులో టీచర్ల ట్రైనింగు ఉండాది పెద్దమ్మా. నాయన పంపిస్తానన్నాడు."

"అక్కడ ఏం నేర్పిస్తారు?"

నాకు తెలియదన్నాను. తెలుసుకుని వచ్చి చెప్పమంది.